పూతకాలపు ఆకాశం: ఉత్తరాంధ్ర జీడితోటల చరిత్ర

జీడిమామిడి మొండి చెట్టు. ఇసుక దిబ్బమీద బతుకుతుంది, ఎర్రనేలలో బతుకుతుంది, రాళ్లగుట్ట వాలులోనూ వేళ్లూనుకుంటుంది. నీరు పెట్టకపోయినా, ఎరువు వేయకపోయినా ఆకు పచ్చగానే ఉంటుంది. అయితే బతకడం వేరు, కాయడం వేరు. ఏడాది మొత్తంలో ఎంత వాన పడిందన్న లెక్క ఈ చెట్టు కాపును తేల్చదు. డిసెంబరు నుంచి మార్చి దాకా ఆకాశం ఎలా ఉందన్నదే తేలుస్తుంది. ఆ నాలుగు నెలలూ పొడిగా, ఎండగా గడిస్తే కొమ్మకొమ్మకూ పిక్కలు వేలాడతాయి. మబ్బు పట్టినా, మంచు ముంచినా, వాయుగుండం ఒకటి దారి తప్పి వచ్చినా చెట్టు నిండా వచ్చిన పూత నల్లగా మాడి రాలిపోతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోనూ, అక్కడి పిక్కను పప్పుగా మార్చే పలాసలోనూ ఏ ఏటి బతుకైనా ఈ నాలుగు నెలల మీదే నిలిచి ఉంటుంది.

చెట్టు రాక, పేరు పుట్టుక

జీడిమామిడి పుట్టిల్లు ఈశాన్య బ్రెజిల్. అక్కడి టూపీ జనం దాన్ని అకాజు అన్నారు. ఆ మాటే పోర్చుగీసువారి నోట కాజు అయింది, ఉత్తర భారత భాషల్లో అలాగే స్థిరపడింది. పోర్చుగీసువారు 16వ శతాబ్దం రెండో సగంలో దీన్ని భారతదేశ పడమటి తీరానికి తెచ్చారు. 1563లో గోవాలో అచ్చయిన గార్సియా ద ఓర్తా ఔషధ గ్రంథంలో ఈ చెట్టు ప్రస్తావన లేదు. 1578లో వెలువడిన క్రిస్టోవాం ద కోస్టా గ్రంథంలో మాత్రం కొచ్చిలోని ఒక తోటలో దీన్ని చూసినట్టు ఉంది. ఈ రెండు పుస్తకాల మధ్య ఉన్న పదిహేనేళ్లలోనే చెట్టు ఇక్కడి మట్టిలో కుదురుకుందని దీన్నిబట్టి అర్థమవుతుంది. పడమటి కనుమల అంచున వాన కోతకు గురయ్యే వాలు నేలల్లో మట్టిని పట్టి ఉంచడానికి మొదట దీన్ని నాటారు. పప్పు వ్యాపారం చాలా కాలం తరవాతి మాట.

తెలుగువారు పోర్చుగీసు పేరును తీసుకోలేదు. తమ అడవిలో అప్పటికే ఉన్న రెండు చెట్ల పేర్లు కలిపి కొత్త చెట్టుకు పెట్టుకున్నారు. జీడి అంటే మొదట నల్లజీడి. చాకలివారు బట్టలమీద చెరగని గుర్తులు పెట్టడానికి దాని గింజ రసాన్నే వాడేవారు. ఆ రసం ఒంటికి తగిలితే పొక్కులు లేస్తాయి. సముద్రం దాటి వచ్చిన కొత్త చెట్టు పిక్క పెంకులోనూ అలాంటి కాల్చే నూనే కనిపించింది. పండు, ఆకు, పూగుత్తి తీరు చూస్తే మామిడి గుర్తొచ్చింది. అలా అది జీడిమామిడి అయింది. కొన్ని చోట్ల ముంతమామిడి అన్న పేరూ ఉంది. నల్లజీడి, మామిడి, జీడిమామిడి మూడూ ఒకే కుటుంబానికి చెందినవని వృక్షశాస్త్రం తరవాత తేల్చింది. పేరు పెట్టినవారి చూపు ఎంత నిశితమైనదో దీన్నిబట్టి తెలుస్తుంది. శాస్త్రీయ నామంలోనూ ఇలాంటి బదిలీయే జరిగింది. అనకార్డియం అన్న మాటను ఐరోపా మందుల వ్యాపారులు మొదట నల్లజీడికే వాడేవారు. 1753లో లినేయస్ దాన్ని జీడిమామిడికి ఇచ్చాడు. 1852లో వచ్చిన సి.పి. బ్రౌన్ నిఘంటువు నాటికే జీడిమామిడి తెలుగులో పాతుకుపోయిన మాట.

ఇసుక దిబ్బనుంచి తోటదాకా

తూర్పుతీరంలో జీడిమామిడికి రెండు రకాల నేలలు దొరికాయి. ఒకటి సముద్రం ఒడ్డునే సాగే ఇసుక దిబ్బలు. రెండోది తూర్పు కనుమల పాదాల దగ్గరి ఎర్రనేలలు. వేరే పంట ఏదీ సరిగా రాని చోట్లివి. గాలికి కదిలే ఇసుకను ఆపడానికి సరుగుడుతో పాటు జీడిని నాటడం తీరమంతటా అలవాటైంది. గుంటూరు సీమలో బాపట్ల, చీరాల, వేటపాలెం వైపు, గోదావరి సీమలో మోరి వైపు ఇసుక నేలలే జీడికి ఆశ్రయమయ్యాయి. వేటపాలెం, మోరి జీడిపప్పుకు పేరు రావడానికి మూలం ఆ నేలలే.

ఈ సాగు అన్నిటికంటే చిక్కగా అల్లుకున్నది ఉద్దానంలో. ఉద్యానం అన్న మాటే వాడుకలో ఉద్దానం అయిందంటారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో పరచుకున్న ఈ సీమకు పడమట మహేంద్రగిరి కొండలు, తూర్పున బంగాళాఖాతం. బాహుదా, మహేంద్రతనయ వంటి చిన్న నదులు దీన్ని కోసుకుంటూ కడలిలో కలుస్తాయి. కొబ్బరి, పనస, మామిడి, జీడి ఒకే తోటలో పక్కపక్కన నీడలు పంచుకుంటూ పెరగడం ఇక్కడి పద్ధతి. కొబ్బరి నెలనెలా ఇంటి ఖర్చుకు అందుతుంది. జీడి ఏడాదికి ఒక్కసారే, వేసవి మొదట్లో, పెద్ద మొత్తంగా చేతికి వస్తుంది. పెళ్లి ముహూర్తాలు, అప్పుల వాయిదాలు, చదువుల ఫీజులు ఆ డబ్బు చుట్టూనే తిరుగుతాయి. అందుకే పూతకాలంలో ఆకాశం వైపు చూసే చూపు అంత ఆదుర్దాగా ఉంటుంది.

1936కు ముందు ఈ సీమ మద్రాసు రాష్ట్రపు గంజాం జిల్లాలో ఉండేది. ఒరిస్సా ఏర్పడినప్పుడు గంజాం చీలింది. 1950లో శ్రీకాకుళం జిల్లా పుట్టింది. 1890వ దశకంలో వేసిన తూర్పుతీర రైలుమార్గం పలాస మీదుగా సాగడం వల్ల, తోటల్లో రాలిన పిక్కకు దూరపు మార్కెట్టు దొరికింది. దేశంలో జీడిపప్పు పరిశ్రమ 1920వ దశకంలో కేరళలోని కొల్లంలో వేళ్లూనుకుంది. 20వ శతాబ్దం నడుమ నుంచి పలాస, దాన్ని ఆనుకునే ఉన్న కాశీబుగ్గ తూర్పుతీరపు కేంద్రంగా ఎదిగాయి. పిక్కను కాల్చి లేదా ఆవిరిలో ఉడికించి, పెంకు కోసి, పప్పు తీసి, ఆరబెట్టి, పొట్టు వలిచి, సైజుల వారీగా వేరుచేసే పని ఇక్కడ వేలాది కుటుంబాలకు కూడుపెట్టింది. పెంకు తీయడంలో, పొట్టు వలవడంలో ఎక్కువ పని ఆడవారిదే. పెంకు నూనె చేతులను కాల్చకుండా ఆముదం, బూడిద రాసుకుని వారు ఈ పరిశ్రమను నిలబెట్టారు.

కొండ వాలుల్లో సాగు మరో దారిలో పెరిగింది. పోడు కొట్టిన వాలుల్లో మట్టి కొట్టుకుపోకుండా అటవీశాఖ, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు జీడి మొక్కలు నాటించాయి. సీతంపేట, పార్వతీపురం కొండల్లో సవర, జాతాపు కుటుంబాలకు జీడి ముఖ్యమైన ఆదాయపు చెట్టు అయింది. పడమటి తీరంలో నాలుగు వందల ఏళ్ల కింద ఏ పనికోసం ఈ చెట్టును నాటారో, తూర్పు కనుమల్లోనూ అదే పనికోసం నాటడం చరిత్రలో ఒక ఆవృత్తి.

చెట్టు క్యాలెండరు

వాతావరణం కాపును ఎలా మారుస్తుందో తెలియాలంటే చెట్టు ఏడాదిని అడుగడుగునా చూడాలి. మే, జూన్‌లలో కోత ముగిసి, తొలకరి పడగానే చెట్టు తేరుకుంటుంది. నైరుతి వానల కాలమంతా ఆకు, కొమ్మ పెంచుతుంది. వానలు తగ్గి, స్వాతి, విశాఖ కార్తెలు నడిచే అక్టోబరు చివర, నవంబరులో కొత్త చిగురు వేస్తుంది. రాగిరంగులో మెరిసే ఆ లేత చిగురు కొసనే తరవాత పూగుత్తి వస్తుంది. చిగురు బాగుంటే పూత బాగుంటుందని తోటల్లో చెప్పుకునే మాటకు ఆధారం ఇదే. చిగురు లేని కొమ్మకు పూత లేదు.

మూల, పూర్వాషాఢ కార్తెల్లో, అంటే డిసెంబరు నడుమ నుంచి జనవరి మొదటి పక్షం దాకా, పూగుత్తులు బయటపడి విచ్చుకోవడం మొదలవుతుంది. ఒక చెట్టుమీద పూత రెండు మూడు నెలల పాటు సాగుతుంది. పూలు చిన్నవి, లేత రంగువి, సన్నని గులాబీ గీతలతో ఉంటాయి. రోజులు గడిచేకొద్దీ ఎర్రబడతాయి. వాటి తియ్యని వాసన తోట బయటి దాకా వస్తుంది. ప్రతి గుత్తిలోనూ రెండు రకాల పూలు ఉంటాయి. ఎక్కువ భాగం మగపూలు. కాయగలిగేవి ద్విలింగ పుష్పాలు, అవి తక్కువ. మొదట మగపూలు, నడుమ రెండు రకాలూ కలిసి, చివర మళ్లీ మగపూలు వస్తాయి. కాయకట్టే అవకాశం ఆ నడిమి రోజుల్లోనే ఎక్కువ. ఆ రోజుల్లో వాతావరణం చెడితే ఆ ఏడాది కాపులో పెద్ద భాగం పోయినట్టే.

పుప్పొడి జిగురుగా ఉంటుంది. గాలికి ఎగరదు. తేనెటీగలు, ఈగలు, చీమలు మోసుకెళ్లాలి. ఇది ఎక్కువగా పగటి మొదటి భాగంలో, ఎండ తగిలిన తరవాత జరిగే పని. పిందె పడిన తరవాత చెట్టు ముందు పిక్కను పెంచుతుంది. నెల రోజుల్లో పిక్క ఆకుపచ్చగా పూర్తి పరిమాణానికి వస్తుంది. అప్పటిదాకా సన్నగా ఉన్న తొడిమ ఆ పైన ఉబ్బి, రసం నిండి, ఎర్రగానో పసుపుగానో పండవుతుంది. పండు అని పిలిచేది నిజానికి తొడిమే. అసలు కాయ దాని కింద వేలాడే పిక్క. పూత నుంచి రాలేదాకా రెండు నెలలు పడుతుంది. కోత ఫిబ్రవరి చివర మొదలై, మార్చి, ఏప్రిల్‌లలో ముమ్మరమై, మే దాకా సాగుతుంది. పచ్చి పిక్కలోని లేత పప్పు కూర ఈ కాలపు ప్రత్యేక వంటకం.

మంచు, మబ్బు, అకాల వాన, ముదిరిన ఎండ

సరైన ఏడాదిలో రాత్రులు చల్లగా, పగళ్లు ఎండగా, గాలి పొడిగా ఉంటాయి. తేడా వచ్చిన ప్రతిసారీ చెట్టు దాన్ని తన తీరులో చూపిస్తుంది.

మొదటి తేడా వానలు ఆలస్యంగా వెనుదిరగడం. నవంబరు చివరి దాకా, డిసెంబరులోకి కూడా వానలు సాగితే నేలలో తేమ నిలిచి, చెట్టు పూత వైపు తిరగకుండా చిగురు మీద చిగురు వేస్తూ పోతుంది. తోట పచ్చగా, నిండుగా కనిపిస్తుంది. చూసినవారు సంతోషిస్తారు. తోట కాచినవారు కలవరపడతారు. పూత నెల ఆలస్యమైతే పిందె మార్చి, ఏప్రిల్ ఎండలో పడుతుంది, కోత మే చివరి వానల్లో చిక్కుకుంటుంది.

రెండోది మంచు. కొండలకూ కడలికీ నడుమ ఉన్న ఈ సీమలో జనవరి ఉదయాల్లో మంచు దట్టంగా కమ్ముతుంది. కొద్దిపాటి మంచు వల్ల హాని లేదు. పొద్దెక్కే దాకా, తొమ్మిది పది గంటలకు కూడా పూగుత్తి తడిగా ఉంటే మాత్రం పుప్పొడి విడుదల ఆలస్యమవుతుంది, కీటకాలు రావు. ఆ రోజు విచ్చిన పూలు కాయకట్టకుండానే వాడిపోతాయి. అలాంటి రోజులు వరసగా వారం వస్తే గుత్తిలో ఒక భాగమంతా గొడ్డుపోతుంది.

మూడోది మబ్బు, ముసురు. పూతమీద వాన పడితే పుప్పొడి కొట్టుకుపోవడం ఒక నష్టం. ఆ తేమలో శిలీంధ్రం పెరిగి పూగుత్తి కొస నుంచి వెనక్కి నల్లబడుతూ ఎండిపోవడం అంతకు మించిన నష్టం. దీన్నే రైతులు పూత మాడడం అంటారు. దూరం నుంచి చూస్తే చెట్టుమీద మసి చల్లినట్టు ఉంటుంది.

మబ్బు వెంట వచ్చే మరో శత్రువు టీ దోమ. తేయాకు తోటల్లో మొదట పేరు పడిన ఈ పురుగు జీడి లేత చిగురును, పూగుత్తిని, పిందెను సూదిలాంటి నోటితో గుచ్చి రసం పీలుస్తుంది. గుచ్చిన చోట నల్లని మచ్చ పడి, జిగురు కారి, కొమ్మ కొస ఎండిపోతుంది. పిందె మీద గుచ్చితే అది ముడుచుకుని రాలుతుంది. పొడి ఎండలో దీని సంఖ్య అదుపులో ఉంటుంది. మబ్బు పట్టి, గాలిలో తేమ నిండి, చెట్టుమీద లేత చిగురు వదలకుండా ఉన్న ఏడాది ఇది పెరిగిపోతుంది. వానలు సాగి చిగురు ఆగని ఏడాదిలో వాతావరణమూ, పురుగుకు తిండీ రెండూ ఒకేసారి కుదురుతాయి. అందుకే చెడ్డ ఏడాదిలో నష్టాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

నాలుగోది ముదిరిన ఎండ. జీడికి ఎండ ఇష్టమే. కాని పిందె గోళీకాయంత ఉన్న దశలో ఉష్ణోగ్రత 39, 40 డిగ్రీలు దాటి, వడగాలి వీస్తే చెట్టు పిందెను నిలుపుకోలేదు. తోటలో ఉదయాన చెట్ల కింద ఆకుపచ్చని పిందెలు రాశులుగా కనిపిస్తాయి. మామూలు ఏడాదిలోనే ద్విలింగ పుష్పాల్లో చాలా కొద్దివే కోత దాకా నిలుస్తాయి, ఎండ ముందే ముదిరిన ఏడాదిలో ఆ కొద్దీ తగ్గిపోతుంది. నిలిచిన పిక్క కూడా చిన్నదవుతుంది.

అయిదోది కోతకాలపు వాన. జీడిని కోయరు, రాలనిస్తారు. పూర్తిగా పండి తనంత తాను రాలిన పిక్కలోనే పప్పు నిండుగా ఉంటుంది. రాలిన పిక్క తడినేల మీద రెండు మూడు రోజులు పడి ఉంటే పెంకు నల్లబడుతుంది, ఎక్కువ రోజులైతే మొలక కూడా వస్తుంది. పండు ఒక్క రోజులోనే కుళ్లి, పిక్కకు అంటుకుంటుంది. అందుకే ఏప్రిల్‌లో మబ్బు కనిపిస్తే ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే తోటలో ఉంటారు. అదే వాన కోత ముగిసిన తరవాత పడితే చెట్టుకు మేలు. వచ్చే ఏటి కొమ్మకు అది మొదటి తడి.

పిక్కలో కనిపించే ఆకాశం

తోటలో మొదలైన లెక్క పలాసలో బస్తా విప్పినప్పుడు తేలుతుంది. ఉద్దానంలో పిక్కను 80 కిలోల బస్తా లెక్కన కొంటారు. ప్రపంచ జీడి వ్యాపారంలోనూ ఆ 80 కిలోలే కొలమానం. ఆ బస్తాకు ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందన్నదే పిక్క నాణ్యత. 48 పౌన్లు, అంటే 21.8 కిలోలు దిగితే మంచి సరుకు. పిందె దశలో ఎండ కొట్టిన ఏడాది, టీ దోమ గుచ్చిన ఏడాది పిక్క పైకి బాగానే కనిపించి లోపల పప్పు ముడుచుకుని ఉంటుంది. బస్తా బరువు అదే, దిగుబడి తక్కువ.

అందుకే కొనేవారికి పిక్కను చదివే పద్ధతులు కొన్ని ఏర్పడ్డాయి. ఎండిన పిక్కను చెవి దగ్గర ఆడిస్తే లోపల పప్పు కదిలే చప్పుడు వస్తుంది. పచ్చిగా ఉంటే రాదు. నీళ్లలో వేస్తే నిండు పిక్క మునుగుతుంది, తాలు పిక్క తేలుతుంది. విత్తనానికి పిక్కను ఏరేటప్పుడు కూడా ఇదే పరీక్ష. కొన్నిటిని నిలువునా కోసి చూస్తే పప్పు తెల్లగా ఉందా, మచ్చ పడిందా, బూజు పట్టిందా అన్నది తెలుస్తుంది. రెండు మూడు రోజులు ఎండలో ఆరబెట్టి, తేమ ఎనిమిది తొమ్మిది శాతానికి తగ్గిన పిక్కే గోదాములో ఏడాది నిలుస్తుంది.

వాన తడిసిన పిక్క ఫ్యాక్టరీలో ప్రతి మెట్టులోనూ ఇబ్బంది పెడుతుంది. పెంకు కోసేటప్పుడు పప్పు పెంకుకు అతుక్కుని విరుగుతుంది. పొట్టు సరిగా ఊడదు, గోటితో గీకి తీయాల్సి వస్తుంది. గుండుగా రావలసిన పప్పు బద్దగా, ముక్కగా మారుతుంది. గుండు పప్పును పౌనుకు ఎన్ని తూగుతాయన్న లెక్కన 180, 210, 240, 320 రకాలుగా వేరుచేస్తారు. అంకె చిన్నదైతే పప్పు పెద్దది, ధర ఎక్కువ. మంచి వాతావరణం చూసిన ఏడాది పెద్ద గుండు ఎక్కువగా తేలుతుంది. చెడ్డ ఏడాది 320 కన్నా చిన్న రకాలు, బద్దలు పెరుగుతాయి. రోజుకు ఎన్ని కిలోలు వలిచారన్న లెక్కన కూలి అందుకునే ఆడవారికి జనవరి నాటి మంచు ఏప్రిల్ నాటి కూలిలో కోతగా కనిపిస్తుంది. స్థానిక పిక్క తగ్గినప్పుడు ఆఫ్రికా దేశాల పిక్కతో ఫ్యాక్టరీ నడుస్తుంది. తోట ఉన్న కుటుంబానికి ఆ ఊరట లేదు.

తుపానుల లెక్క

మంచు, మబ్బు ఒక ఏటి పంటను తీసుకుంటాయి. తుపాను చెట్టునే తీసుకుపోతుంది. ఉద్దానం చరిత్రలో ఈ రెండు రకాల నష్టాలనూ వేరువేరుగా చూడాలి.

బంగాళాఖాతంలో పుట్టే పెద్ద తుపానులకు అక్టోబరు, నవంబరు ముఖ్యకాలం. 1999 అక్టోబరు 17న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన తుపాను దెబ్బ ఇచ్ఛాపురం వైపు గట్టిగా తగిలింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ కూడా గోపాల్‌పూర్ దగ్గరే, గంటకు 200 కిలోమీటర్లు మించిన గాలులతో తీరం తాకింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నం మీద విరుచుకుపడి విశాఖ, విజయనగరం జిల్లాల జీడితోటలను కూల్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, దసరా నవరాత్రుల రెండో నాడు, తిత్లీ పలాస సమీపంలోనే తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఉద్ధృతంగా వీచినప్పుడు 165 దాకా ఉంది. ఉద్దానం నడిగడ్డ మీదుగా వెళ్లిన తుపాను అది. కొబ్బరి, జీడి, పనస, మామిడి తోటలు గంటల వ్యవధిలో నేలకొరిగాయి. తాతలు నాటిన చెట్లు మనవళ్ల కళ్లముందు వేళ్లతో సహా పైకి లేచాయి.

ఫైలిన్, హుద్‌హుద్, తిత్లీ మూడూ చిత్త కార్తె మొదలయ్యే రోజుల్లోనే వచ్చాయి. ఆ సమయంలో జీడిచెట్టు వానాకాలపు ఆకంతా మోస్తూ ఉంటుంది. గొడుగులా విచ్చిన ఆ దట్టమైన తలకు గాలి పట్టు దొరుకుతుంది. కింద నేల నానిపోయి ఉంటుంది. ఇసుకలో అడ్డంగా పరచుకున్న వేళ్లకు పట్టు సడలుతుంది. జీడి కలప తేలికైనది, పెళుసైనది కాబట్టి వంగదు, విరుగుతుంది. నిలిచిన చెట్లకూ కష్టమే. ఉప్పుగాలికి ఆకు మాడి రాలిపోతుంది. పూతకు పోవలసిన బలాన్ని చెట్టు మళ్లీ ఆకు వేసుకోవడానికి ఖర్చుపెడుతుంది. చిగురు రావలసిన నెలలో చెట్టు మోడుగా ఉంటే ఆ ఏడాది పూత ఆలస్యమవుతుంది, పలచబడుతుంది. నేలమీద పడని చెట్టు కూడా ఒక కాపు కోల్పోయిందన్న మాట.

డిసెంబరు వాయుగుండాల తీరు వేరు. వాటి గాలి అంత బలంగా ఉండదు, వాన మాత్రం సరిగ్గా పూగుత్తులు తొంగిచూసే వేళకు వస్తుంది. తిత్లీ వచ్చిన ఏడాదే, 2018 డిసెంబరు 17న, పెథాయ్ తుపాను గోదావరి తీరంలో భూమిని తాకి కోస్తా అంతటికీ వాన తెచ్చింది. 2021 డిసెంబరు మొదటి వారంలో జవాద్ తీరానికి చేరేలోపే బలహీనపడినా ఉద్దానంలో గాలివాన కురిపించింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. అక్టోబరు తుపాను చేసిన నష్టాన్ని కూలిన చెట్లుగా లెక్కపెట్టవచ్చు. డిసెంబరు వాన చేసే నష్టం జనవరి చివర్లో, మాడిన పూగుత్తుల రూపంలో నెమ్మదిగా బయటపడుతుంది. కూలిన చెట్టుకు పరిహారం అడగవచ్చు. రాలిన పూతను లెక్కగట్టి చూపడం కష్టం. చిన్న రైతును ఎక్కువగా కుంగదీసేది ఈ రెండో నష్టమే.

గమనింపు శాస్త్రమైన తీరు

తోటల్లో తరతరాలుగా చూసి తెలుసుకున్నది 20వ శతాబ్దం రెండో సగంలో పరిశోధనగా మారింది. భారత వ్యవసాయ పరిశోధన మండలి 1950వ దశకంలో జీడి పండే రాష్ట్రాల్లో ఒక్కొక్కటిగా కేంద్రాలు తెరిచింది. ఆంధ్రలో 1955లో బాపట్ల కేంద్రం మొదలైంది. 1971లో సుగంధ ద్రవ్యాలు, జీడిమామిడి మీద అఖిల భారత సమన్వయ పథకం వచ్చింది. 1986లో కర్ణాటకలోని పుత్తూరులో జాతీయ జీడిమామిడి పరిశోధన కేంద్రం ఏర్పడింది. ఒకే రకం మొక్కలను వేరువేరు తీరాల్లో నాటి, పూత ఎప్పుడు వచ్చింది, ఎన్నాళ్లు సాగింది, గుత్తికి ఎన్ని కాయలు నిలిచాయి అని ఏటేటా నమోదు చేసే పద్ధతి దీంతో స్థిరపడింది. బాపట్ల కేంద్రం విడుదల చేసిన బీపీపీ రకాల్లో బీపీపీ-8 తూర్పుతీరంలో బాగా పేరు తెచ్చుకుంది.

పాత తోటలన్నీ పిక్క నాటి పెంచినవే. పిక్క మొక్క తల్లిని పోలి ఉంటుందన్న హామీ లేదు. ఒక చెట్టు డిసెంబరు మొదట్లో పూస్తే పక్క చెట్టు జనవరి నడుమ పూస్తుంది. ఒకదాని పిక్క లావు, మరొకదానిది సన్నం. దిగుబడి తక్కువ, సరుకులో ఏకరూపత లేదు. అందుకే అంటు మొక్కలు వచ్చాయి. లేత మొలక మీద ఎంపిక చేసిన చెట్టు కొమ్మను కట్టి పెంచే అంటు మూడో ఏటనే కాపుకు వస్తుంది, తల్లి చెట్టు గుణాలన్నీ పుణికిపుచ్చుకుంటుంది.

అయితే పాత తోటలో ఉన్న ఆ అస్తవ్యస్తానికీ ఒక విలువ ఉండేది. చెట్లన్నీ ఒకేసారి పూయవు కాబట్టి ఒక వారం ముసురు పట్టినా కొన్ని చెట్ల పూతే పోయేది. ముందు పూసినవి పోతే వెనక పూసినవి కాసేవి. ఒకే రకం అంటుతో నిండిన తోటలో పూత అంతా ఒకే వేళకు వస్తుంది. ఆ వేళకు వాన వస్తే తోట మొత్తం ఒకేసారి దెబ్బతింటుంది. ఒకే తోటలో ముందు పూసే, వెనక పూసే రకాలను కలిపి నాటితే అంటు మొక్క దిగుబడీ దక్కుతుంది, పిక్క తోట ఇచ్చిన రక్షణా కొంత మిగులుతుంది.

తుపానుల అనుభవం చెట్టు ఆకారాన్నీ మార్చింది. పాత తోటల్లో చెట్టును దాని మానాన వదిలేసేవారు. పైకి, పక్కలకు ఇష్టం వచ్చినట్టు పెరిగేది. చిన్నప్పటి నుంచి కత్తిరించి, ఒకే మొదలుతో, తక్కువ ఎత్తులో, కొమ్మల మధ్య గాలి ఆడేలా పెంచడం కొత్త పద్ధతి. గాలి పట్టు తగ్గడం దీని వల్ల ఒక లాభం. గుబురు లోపలికి ఎండ చేరి, ఉదయపు మంచు త్వరగా ఆరిపోవడం రెండోది. టీ దోమ దాగే చోటు తగ్గడం మూడోది. చిగురు వేసినప్పుడు, పూగుత్తి వచ్చినప్పుడు, పిందె పడినప్పుడు అని మూడు దశల్లో చెట్టును పరిశీలించి, పురుగు కనిపిస్తేనే మందు కొట్టాలన్నది పరిశోధన కేంద్రాల సలహా. తోట కాచేవారు కార్తెల లెక్కతో చేసిన పని కూడా ఆ దశలను కనిపెట్టడమే.

తిత్లీ తరవాత ఉద్దానంలో తిరిగి నాటిన జీడిలో అంటు మొక్కకే ప్రాధాన్యం దక్కింది. మూడో ఏట తొలి కాయ కనిపించినా, గొడుగు పూర్తిగా విచ్చి నిండు కాపు రావడానికి ఎనిమిది, పదేళ్లు పడుతుంది. అక్టోబరు గాలి చేసిన గాయం మానడానికి పట్టే కాలం అది. ఆ ఎనిమిది పదేళ్లలోనూ ప్రతి డిసెంబరుకూ చిగురు ఏ రంగులో ఉంది, మంచు ఎన్ని గంటలకు విడిచింది, పూగుత్తి కొస తెల్లగా ఉందా నల్లబడిందా అని చూడాల్సిందే. నాలుగు శతాబ్దాల కింద పరదేశం నుంచి వచ్చిన ఈ చెట్టుకు తెలుగువారు తమ అడవిని చూసి పేరు పెట్టారు. దాని కాపును తమ కార్తెలతో కొలవడం నేర్చుకున్నారు. అక్టోబరు గాలినీ, డిసెంబరు వాననూ, జనవరి మంచునూ, మార్చి ఎండనూ వేరువేరుగా గుర్తుపట్టగల ఆ చూపే ఉద్దానం తోటకు మొదటి కాపలా.